డొక్కు ఓడల కెప్టెన్

మా ఆయన ఉద్యోగమేమిటని ఎవరైనా అడిగితే, లేని ఓడలకు లేని బలం పంచుతాడని చెబుతాను. వాళ్లు నవ్వుతారు, ఆయన మొహం మాడ్చుకుంటాడు. నేను చెప్పేది అబద్ధమేమీ కాదు. ఆన్‌లైన్‌లో ఒక అంతరిక్షం ఆట ఉంది. లక్షల మంది అందులో ఓడలు నడుపుతూ ఒకరినొకరు కూల్చుకుంటారు. ఊరికే దొరికే చిన్న ఓడను ఆడేవాళ్లంతా డొక్కు అంటారు. డబ్బు పోసి కొనుక్కునే పెద్ద ఓడను మహారాణి అంటారు. మహారాణి కొన్నవాడికి కొన్నందుకు తృప్తి ఉండాలి, డొక్కు నడిపేవాడికి ఆట మీద విరక్తి పుట్టకూడదు. ఆ రెంటి మధ్య తూకం చూడడం మా ఆయన పని. ఆఫీసులో ఆయన్ని తక్కెడ అని పిలుస్తారు.

నేను చెప్పాలనుకున్నది మాత్రం ఆయన అక్క గురించి.

మా వదిన పద్నాలుగేళ్లు రేవులో క్రేన్ నడిపింది. పైన గాజు గదిలో కూర్చుని లారీ అంతేసి పెట్టెలను ఓడలోకి కోడిగుడ్లలా దించేదట. ఒక వానరోజు పని ముగించి దిగుతూ నిచ్చెన మీద కాలు జారింది. వెన్ను విరిగింది. రెండు కాళ్లూ, కుడిచెయ్యీ పడిపోయాయి. మిగిలింది ఎడమచెయ్యి, నోరు. ఆ నోరు సామాన్యమైనది కాదు. పక్క మార్చి పడుకోబెట్టబోతే, "సరుకు జాగ్రత్త మరదలా, పగిలితే నీ జీతంలో కోస్తారు" అనేది. పడిపోయిన మొదటి ఏడాది మాత్రం ఆ నోరు కూడా మూతబడింది. పొద్దస్తమానం పైకప్పు చూస్తూ ఉండేది. అన్నం పెడితే తినేది, పెట్టకపోతే అడిగేది కాదు. ఆమె మా చేతుల్లోంచి జారిపోతోందని ఇద్దరికీ తెలుసు, ఎవరం పైకి అనలేదు.

అప్పుడు మా ఆయన పాత కంప్యూటర్ ఒకటి తెచ్చి, మంచానికి అడ్డంగా బల్ల బిగించి, ఎడమచేత్తో ఆడడానికి వీలుగా మీటలు మార్చి ఇచ్చాడు. కాస్త పొద్దుపోతుందని, అంతే. ఆ తర్వాత ఆమె ఎలా ఆడుతోందో ఎన్నడూ అడగలేదు. రోజంతా ఆ ఆటతోనే తలబద్దలు కొట్టుకుని వచ్చిన మనిషికి ఇంట్లో దాని ఊసెత్తబుద్ధి కాదు. నేను అదే గదిలో మిషన్ మీద బట్టలు కుడతాను కాబట్టి నాకు తెలుసు. వదినకు అందులో ఒక దండు తయారైంది. మొత్తం ఎనిమిది మంది, అందరివీ డొక్కులే. ఒకాయన రొట్టెల బట్టీలో పనిచేస్తాడు, ఒకావిడ నర్సు, ఒకాయన బడిపంతులు. మైకులో గొంతులు వినడమే తప్ప ఎవరి మొహం ఎవరూ చూడలేదు. వదినను కెప్టెన్ అనేవాళ్లు. డొక్కు ఒంటరిగా మహారాణిని గీరను కూడా గీరలేదు. ఎనిమిదీ కలిసి మెరుపులా మలుపు తిరిగి దాని వెనక్కి చేరితే, అక్కడికి దాని ఫిరంగులు అందవు. ఆ మలుపు ఎప్పుడు తిరగాలో వదిన చెప్పేది. "ఆగు, ఆగు, రొట్టెలాయనా తొందరపడకు. ఆ, ఇప్పుడు." మహారాణి పేలిపోయేది. వదిన నావైపు తిరిగి, "చూశావా మరదలా, దించాను" అనేది. నేను మిషన్ తొక్కుతూనే నవ్వేదాన్ని. అలా గడిచిన రెండేళ్లూ మా ఇంట్లో మనుషులు బతికారు.

మా ఆయన ఆఫీసులో ఒక పద్ధతి ఉండేది. పెట్టినవాడు కూడా ఆయనే. ఏ ఓడ బలం మార్చాలన్నా, మార్చేవాడు ముందు ఆ ఓడలో వంద పోరాటాలు స్వయంగా ఆడాలి. అంకెలు చూసి మందు రాయకూడదని ఆయన అనేవాడు. ఆ ఏడాది కొత్త మహారాణి విడుదలకు నాలుగు రోజులే ఉన్నాయనగా మేనేజర్ ఒక పట్టిక తెచ్చి ముందు పెట్టాడు. మహారాణులతో తలపడిన డొక్కులు వందకు అరవైసార్లు గెలుస్తున్నాయి. ఇలాగైతే కొత్తది ఎవడు కొంటాడని అడిగాడు. పట్టికలో పేర్లుండవు. వంద పోరాటాలు ఆడడానికి టైమూ లేదు. మా ఆయన డొక్కు మలుపు వేగాన్ని అయిదో వంతు తగ్గించి ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాడు.

మర్నాడు వదిన ఆట మొదలుపెట్టిన నిమిషానికే చెయ్యి ఆపింది. "ఓడ బరువెక్కింది" అంది. ఆ రోజు ఒక్కటీ గెలవలేదు. మలుపు పూర్తయ్యేలోపే ఫిరంగులు తిరిగి ఎనిమిదింటినీ కాల్చేస్తున్నాయి. తప్పు తనదేననుకుని వదిన రెండు రోజులు రకరకాల ఎత్తులు వేసింది. మూడోనాడు పంతులు రాలేదు. తర్వాత నలుగురు చెప్పకుండానే మానేశారు. రొట్టెలాయన, పనెక్కువైంది కెప్టెన్, మళ్లీ కలుద్దాం అన్నాడు. పదిరోజులకు నర్సు ఒక్కతే మిగిలింది. ఇద్దరితో ఏమవుతుంది? చివరికి ఆవిడ కూడా ఏడుస్తూ సెలవు తీసుకుంది.

ఆ శనివారం మా ఆయన వదిన మంచం పక్కన కూర్చుని కాఫీ తాగుతూ తెర వైపు చూశాడు. ఆమె ఆడిన పోరాటాల సంఖ్య ఒక మూల కనబడుతోంది. ఆయన కప్పు కింద పెట్టాడు.

"అక్కా, ఇన్ని పోరాటాలు నువ్వొక్కదానివే ఆడావా?"

"నావి అవి. మా ఎనిమిదిమందివీ కలిపితే ఇంకా చాలా ఉంటాయి. ఇప్పుడెవరూ లేర్లే."

"ఎప్పుడూ మహారాణుల మీదకేనా?"

"ఇంకెవరి మీదకు పోతాంరా?"

 లేచి వంటగదిలోకొచ్చి నాతో చెప్పాడు. మహారాణుల జోలికి వెళ్లే ధైర్యం మిగతా డొక్కులవాళ్లకు ఎప్పుడో పోయింది. ఆ పట్టికలో గెలిచినవాళ్లు చాలావరకు వదిన దండే. డొక్కులు బలంగా ఉన్నాయనుకుని ఆయన కోసింది తన అక్క పనితనాన్ని.

"వెళ్లి ఆమెతో చెప్పండి. నాతో కాదు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.

వెళ్లి చెప్పాడు.  వదిన అంతా విని, "నేను బాగా ఆడుతున్నానని చెప్పడానికి ఇంతకంటే మంచి దారి దొరకలేదట్రా?" అంది. నవ్వే అంది. ఆయన తల ఎత్తలేకపోయాడు.

సోమవారం మా ఆయన మేనేజర్‌ని కాళ్లావేళ్లా పడి బతిమాలాడు. పాత వేగం తిరిగిచ్చేయమన్నాడు. కొత్త మహారాణులు ఎన్నడూ లేనంతగా అమ్ముడుపోతున్నాయి, ఇప్పుడు మారిస్తే కొన్నవాళ్లు ఊరుకుంటారా అన్నాడు మేనేజర్. మూడోసారి అడిగితే, ఉద్యోగం మీద ఇష్టం ఉందా లేదా అన్నాడు. మా ఆయనకు ఇష్టం ఉంది. మందులున్నాయి, ఇంటద్దె ఉంది, నేనూ ఉన్నాను. అందుకని చేతనైనది చేశాడు. ఉద్యోగులకు ఊరికే ఇచ్చే కొత్త మహారాణిని వదిన పేరు మీదికి మార్చి, పండో ఫలమో తెచ్చినట్టు మొహం పెట్టుకుని చూపించాడు.

వదిన కాదనలేదు. ఆయన్ని బాధపెట్టడం ఇష్టంలేక ఎక్కిందని నాకు తెలుసు. అయిదు నిమిషాలకు ఎవరో ముగ్గురు డొక్కుల్లో వచ్చారు. వదిన దండు తిరిగినట్టే తిరగబోయారు. ఎక్కడ చూసి నేర్చుకున్నారో ఏమో. మహారాణి ఫిరంగులు వాటంతటవే గురిపెట్టి, వాటంతటవే పేల్చాయి. మూడూ రాలిపోయాయి. వదిన ఎడమచెయ్యి బల్ల మీదే ఉంది, ఒక్క మీటా నొక్కలేదు. తెర మీద ఆమె పేరుతో విజయం అని వచ్చింది.

"దీనికి నేను అక్కర్లేదురా" అంది. "తీసెయ్."

ఆయన మహారాణిని తీసేశాడు.

"అది కాదు. నన్ను."

ఎంత బతిమాలినా వినలేదు. నేనూ బతిమాలాను. చివరికి ఆయనే తన చేత్తో ఆమె ఖాతాను తుడిచేశాడు. ఆ సాయంత్రం నుంచి వదిన మళ్లీ పైకప్పు చూస్తోంది. పక్క మారుస్తుంటే సరుకు జాగ్రత్త అనడం లేదు.

తర్వాతి వారం పట్టికలో డొక్కుల గెలుపు ఎక్కడ ఉండాలనుకున్నారో సరిగ్గా అక్కడికి దిగిందట. తూకం కుదిరిందని మేనేజర్ అందరి ముందూ మా ఆయన్ని మెచ్చుకున్నాడట. ఆ మాట నాతో చెప్పి, కంచం ముందు కూర్చుని, ముద్ద కలిపి, తినలేక చెయ్యి కడుక్కున్నాడు. ఆయన మీద నాకు జాలి కలగలేదు. ముందుగదిలో వదినకు అన్నం తినిపించాల్సిన వేళయింది, ఆమె నోరు తెరవడం లేదు.