జుట్టు మొలిచేదాకా

మొన్న మంగళవారం పొద్దున తిరుచానూరు నుంచి ఫోనొచ్చింది. మా మేనత్త చనిపోయింది. చెప్పింది మామ. "మీ అత్త పాయె పాపా" అన్నాడు.

అమ్మవారి గుడి వీధిలో పూలు కట్టి అమ్మేది అత్త. చేతులు కనకాంబరాలు కడుతుంటే నోరు మామను ఆటపట్టిస్తూ ఉండేది. కట్టిన పూలలో మొదటి మూర తన జడకే. "అమ్మేదాని తల్లోనే పూలు లేకుంటే కొనేవాళ్లకు బుద్ధెట్ల పుడతాది?" అనేది. నడుము దాటే జడ ఆమెది. నడుస్తూనే చెయ్యి వెనక్కి పెట్టి పూలు సరిచేసుకోవడం అలవాటు.

రొమ్ములో గడ్డ కనబడినప్పుడు తిరుపతిలో డాక్టరమ్మ దాచకుండా చెప్పింది. ఇది తొందరగా పాకే రకం, ముందు మందులెక్కించి గడ్డను తగ్గించి, ఆ తర్వాత ఆపరేషన్ చేస్తామంది. ఆసుపత్రి బయటికి రాగానే అత్త కొండ వైపు తిరిగి దండం పెట్టింది. గడ్డ కరిగితే తలనీలాలిస్తానని మొక్కుకుంది. మందులు మొదలైన కొన్నాళ్లకే ఆ జుట్టంతా దువ్వెన వెంట వచ్చేసింది. "స్వామికని మొక్కుకుంటే మందు ఎత్తుకోని పాయె" అని నవ్వింది. ఆ నవ్వు చూడలేక నేను పెరట్లోకి వెళ్లిపోయాను.

మందు మాత్రం బ్రహ్మాండంగా పనిచేసింది. నిమ్మకాయంత గడ్డ చివరికి చేతికి తగలకుండా పోయింది. నా చెయ్యి తీసి గడ్డ ఉన్నచోట పెట్టుకుని "చూడు పాపా, యాడుండాది?" అంది. నిజంగానే లేదు. ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. డాక్టరమ్మ ఒక్కతే నవ్వలేదు. "మందు బాగా పనిచేసింది కాబట్టే ఇప్పుడు ఆపరేషన్ చేయాలమ్మా. చేతికి తగలనంత మాత్రాన లోపల లేనట్టు కాదు" అంది.

అత్త వినలేదు. గడ్డ కరిగింది కాబట్టి ముందు మొక్కు, తర్వాతే ఆపరేషన్ అని భీష్మించుకుంది. మొక్కు తీరాలంటే జుట్టు మొలవాలి కదా.

"ముందు ఆపరేషన్ చేయించుకో మే, ఆనెక కొండకు పోదాం" అని మామ బతిమాలాడు.

"జుట్టు లేకపోతే ఏమత్తా, ఆయనకు తెలీదా?" అన్నాను నేను.

"ఆయన యాడ అడిగినాడు? మాటిచ్చింది నేను. ఒట్టి తలకాయతో ఎట్ల పోయేది?" అంది.

నెలలు గడిచాయి. రోజూ అద్దం ముందు తల నిమిరి చూసుకునేది. కాస్త ఒత్తుగా వచ్చాక కొండకు పోయి గుండు చేయించుకుని వచ్చింది. ఆసుపత్రికి వెళ్లేసరికి గడ్డ తిరిగొచ్చింది, ఊపిరితిత్తులకూ పాకింది. మళ్లీ మందులెక్కించారు. ఈసారి జబ్బు లొంగలేదు.

సకాలంలో ఆపరేషన్ చేసుంటే తప్పక బతికేదని డాక్టరమ్మ కూడా అనలేదు. కానీ ఒక మంచి అవకాశం మా ఇంటిదాకా వచ్చి వెళ్లిపోయింది. చివరి రోజుల్లో అత్త నా చెయ్యి పట్టుకుని, "స్వామి నాకోసం ఆగుతాడనుకోలేదు పాపా. జబ్బు ఆగుతాదనుకుంటి" అంది.

కొండ మీద తీయించుకున్న ఫొటో ఒకటి మామ నాకిచ్చాడు. అందులో అత్త గుండుకు గంధం పూసుకుని నవ్వుతోంది. కుడిచెయ్యి మెడ వెనక్కి పోయి, లేని పూలను సరిచేసుకుంటోంది.