ఖాళీ ఎంత ఉందో చెప్పు

మా ఎదురింటి డ్రాయింగ్ మాస్టారు కిందటి మంగళవారం పొద్దున పోయారు. నేను కొట్టు దగ్గర ట్రక్కులోంచి కూరగాయలు దించుకుంటున్నాను. ఆయన కూతురు ఫోన్ చేసి, "అన్నయ్యా, నాన్నగారు లేవలేదు" అంది. నాకు అర్థం కాలేదు. "పడుకోనివ్వమ్మా, లేస్తారు" అన్నాను. ఆమె ఏడవలేదు. చిన్నపిల్లాడికి చెప్పినట్టు ఓపిగ్గా మళ్ళీ చెప్పింది. బెండకాయల పెట్టె కింద పెట్టి, బిల్లు మీద సంతకం చేసి, ట్రక్కు వెళ్ళిపోయేదాకా అక్కడే నిలబడ్డాను. ఆ తర్వాత ఏం చెయ్యాలో తోచలేదు. కొట్టు తెరిచే వేళయింది, తెరిచాను.

నేను టెక్సస్‌లో ప్లేనో అనే ఊళ్ళో ఒక ఇండియన్ గ్రోసరీలో లెక్కలు చూస్తాను. మా ఆవిడ నర్సు. ఆమె ఉద్యోగం వల్లే ఈ దేశం వచ్చాం. నాకు చదువు పెద్దగా అబ్బలేదు. లెక్కలూ, ఇంగ్లీషూ పని చేస్తూ నేర్చుకున్నవే. రోజూ ఆనాటి జమాఖర్చు రాసుకోవడం తప్ప వేరే రాత అలవాటు లేదు. ఈ చుట్టుపక్కల తెలుగు పిల్లల్లో చాలామంది మాస్టారి దగ్గర బొమ్మలు నేర్చుకున్నవాళ్ళే కనుక, ఎదురింటివాడివి, ఆయన గురించి నువ్వే రాయాలని వాళ్ళ అమ్మానాన్నలు అన్నారు. అందుకని ఇది.

మాస్టారు ఇండియాలో హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పి రిటైరయ్యాక భార్య పోతే కూతురి దగ్గరికి వచ్చేశారు. రెండు కార్లు పట్టే గరాజ్‌లో ఒక కారు ఎండలోకి పోయింది. ఆ చోట ప్లాస్టిక్ కుర్చీలు, పాత తలుపు చెక్కతో చేసిన బల్ల వచ్చాయి. శనివారం పొద్దున గరాజ్ తలుపు పైకి ఎత్తేసి, పెద్ద ఫ్యాన్ పెట్టుకుని పాఠం చెప్పేవారు. టెక్సస్ ఎండకి కాగితాలు వేడెక్కేవి. పిల్లలు ఆపిల్ గీస్తే ఆయన ఆపిల్ చూసేవారు కాదు, పిల్లల కళ్ళు చూసేవారు. "నువ్వు కాగితం చూస్తున్నావురా. ఆపిల్ అటుంది" అనేవారు. ఎవరినీ బాగా గీశావని అనగా నేను వినలేదు. "చూశావు" అనేవారు. అది వస్తే పిల్లలకి పండగ.

మా అమ్మాయిని శనివారాలు తొందరగా అక్కడ దించేసేవాణ్ణి. మా ఆవిడకి డ్యూటీ, నాకు కొట్టు. దానికి అప్పుడు పదేళ్ళు. తెలుగు అర్థమయ్యేది గాని నోట్లోంచి వచ్చేది కాదు. ఆయన్ని 'మాస్టారు తాత' అనేది.

జపాన్ బొమ్మల పుస్తకం ఎలా వచ్చిందో చెప్పాలి. లైబ్రరీ వాళ్ళు పాత పుస్తకాలు అమ్మేసే రోజున మాస్టారు ఒకటి తెచ్చుకున్నారు. ఆ దేశంలో మాంగా అంటారట. లోపల రంగులు లేవు, అంతా నల్లసిరా. ఆయన కొన్నది ఆ సిరా కోసం. బుడగల్లో మాటలు చదవకుండా, బొమ్మలే ఒక్కొక్కటీ చూసుకుంటూ రెండు రోజులు కూర్చున్నారు. శనివారం మా అమ్మాయికి కథ చెప్పారు. ఇల్లూ వాకిలీ లేని ఒక పిల్ల పొగమంచులో తిరిగి తిరిగి, పొదల కింద ఉండే చిన్నవాళ్ళని కలిసి, చివరికి తలుపు తీసుకుని ఇంట్లోకి వెళ్ళి తమ్ముడి పక్కన కూర్చుంటుంది. మంచి కథ, ఇల్లు చేరింది అన్నారు.

మా అమ్మాయి పుస్తకం తీసి చూసి పకపకా నవ్వింది.

"మాస్టారు తాతా! ఇది రైట్ నుంచి స్టార్ట్ చెయ్యాలి. మీరు ఎండ్ నుంచి చదివారు!"

"అదేమిటే?"

"జపాన్ బుక్స్ అలాగే ఉంటాయి. షీ లాస్ట్ హర్ హోమ్, తాతా. ఇల్లు పోయింది."

మాస్టారు చాలాసేపు పుస్తకం అటూ ఇటూ తిప్పారు. నేను అమ్మాయిని ఇంటికి తీసుకెళ్ళడానికి వచ్చి గుమ్మంలో ఉన్నాను. ఆయన నిజంగానే నొచ్చుకున్నారు.

"నేను శుభ్రంగా ఇంటికి చేర్చేశాను కదే ఆ పిల్లని. మళ్ళీ బయటికి తోసేశావు" అన్నారు. పుస్తకం మూసి, "సరే, ఎప్పుడు చేరుతుందో చూద్దాం" అన్నారు.

అలా మొదలైంది. సరైన వైపునుంచి కథ ఇదీ. చలిదేశంలో ఒక పిల్ల, తమ్ముడి జబ్బు నయం కావడానికి పొదల కింది చిన్నవాళ్ళతో బేరం పెట్టుకుంటుంది. వాళ్ళు అరచెయ్యంత మనుషులు. వాళ్ళ పేరు పైకి అనకూడదు, ఇనుము వాళ్ళకి పడదు. గుమ్మంలో పాలు పెడితే ఇంటిని కాపాడతారు, పెట్టడం మానేస్తే పగబడతారు. తమ్ముడికి నయమవుతుంది. దానికి బదులు వాళ్ళు పిల్ల దగ్గర్నుంచి ఇంటి తలుపు తీసేసుకుంటారు. ఇల్లు అక్కడే ఉంటుంది, ఆమెకి మాత్రం తలుపు కనిపించదు. ఇక ఒక ముసలి మంత్రగాడి దగ్గర పని నేర్చుకుంటూ తలుపు వెతుక్కోవడమే. ఆ కథ సాగుతూ ఏడాదికొక పుస్తకం వచ్చేది, ఒక్కోసారి అదీ వచ్చేది కాదు. వాళ్ళిద్దరూ ఎదురు చూసేవారు.

మాస్టారికి ఆ చిన్నవాళ్ళంటే గౌరవం. "మన దేవుళ్ళు మంచివాళ్ళు. నైవేద్యం పెట్టి మళ్ళీ మనమే తినేస్తాం. వీళ్ళు నిజంగానే తాగేసి వెళతారట" అని గరాజ్ పక్కన చిన్న గిన్నెలో పాలు పెట్టడం మొదలుపెట్టారు. పొద్దున గిన్నె ఖాళీ. ఆయనా, మా అమ్మాయీ మొహాలు చూసుకునేవారు. కొన్నాళ్ళకి ఆ పాలు పోసమ్ అనే పిల్లి అంత జంతువొకటి తాగుతోందని ఎదురింటి కెమెరాలో తేలింది. ఎదురిల్లంటే మాదే. నేను చెప్పలేదు. మాస్టారి అల్లుడే ఏదో పార్సెల్ కోసం మా కెమెరా అడిగి చూసి కనిపెట్టాడు.

"మామయ్యగారూ, మన కాలనీ హెచ్‌ఓఏ వాళ్ళు మెయిల్ పెట్టారండీ. బయట ఫుడ్ పెట్టకూడదట."

"వాళ్ళ మంత్రగాడెవరో అడిగి చెప్పు, మాట్లాడతాను."

"జోక్ కాదండీ, ఫైన్ వేస్తారు."

"అయితే లోపల పెడతాను. వచ్చేవాళ్ళు లోపలికే వస్తారు" అని గిన్నె బల్లకిందికి మార్చారు. ఆయన పోయేదాకా అక్కడే ఉంది.

ఆయన కళ్ళు పోవడం మెల్లగా జరిగింది. చూపులో నడిమి భాగమే పోతుందట, పక్కలు మిగులుతాయట. మొహం చూద్దామంటే మొహమే ఉండదు, చెవి కనిపిస్తుంది అనేవారు. క్లాసు ఆగిపోయింది. మాంగా ఆగలేదు. మా అమ్మాయి రోజూ స్కూలు నుంచి వచ్చి పుస్తకం పట్టుకుని వెళ్ళి, బొమ్మలు ఆయనకి మాటల్లో చెప్పేది. ఇంగ్లీషులో చెబితే ఒప్పుకునేవారు కాదు. "ఇంగ్లీషులో నాకు బొమ్మ రాదు" అనేవారు. అలా మా ఇంట్లో మేము నేర్పలేని తెలుగు ఆ గరాజ్‌లో దానికి వచ్చింది. సాయంత్రం కొట్టునుంచి వస్తూ రోడ్డు మీదనుంచే వినేవాణ్ణి. "పిల్ల వంగింది తాతా. మోకాలు మడతలో నీడ ఉంది." నా కూతురేనా అనిపించేది.

అది కాలేజీకి ఆస్టిన్ వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు నా చేతిలో పుస్తకం పెట్టి, "నాన్నా, నువ్వు చెప్పు. ప్లీజ్. తాత వెయిట్ చేస్తారు" అంది.

రోజంతా నిలబడి, రిజిస్టర్లు మూసి, సరుకు లెక్క చూసి వచ్చేసరికి నాలో మాట మిగలదు. ఉన్న మాటలే తక్కువ. అయినా వెళ్ళాను. మొదటి సాయంత్రం బాగా గుర్తుంది.

"ఒక అమ్మాయి నిలబడింది మాస్టారూ" అన్నాను.

"ఎలా నిలబడింది?"

"మామూలుగా."

"మామూలుగా ఎవరూ నిలబడరయ్యా."

మళ్ళీ చూశాను. బరువంతా ఒక కాలి మీదే ఉంది. చెప్పాను. ఆయన తన కుర్చీలోనే భుజం ఒక పక్కకి వాల్చి, ఆ పిల్లలా కూర్చున్నారు. "అలసిపోయింది" అన్నారు. నేను చెప్పని మాట అది. ఆ రోజు నాకూ అలాగే ఉంది.

అసలు కష్టం ఏమీ లేని చోట్ల వచ్చేది. ఆ బొమ్మలు గీసినాయన సగం పేజీ తెల్లగా వదిలేస్తాడు. నేను దాటేసి తర్వాత బొమ్మకి వెళితే మాస్టారు పట్టేసేవారు.

"ఏదో మింగావు."

"ఏం లేదండీ, ఖాళీ."

"ఖాళీ ఎంత ఉందో చెప్పు. వేళ్ళు పెట్టి చూడు. ఆయన ఊరికే వదల్లేదు, అదీ గీసిందే."

నేను పేజీ మీద వేళ్ళు ఆనించి చెప్పేవాణ్ణి. నాలుగు వేళ్ళ మేర అంటే ఆయన గాలిలో తన నాలుగు వేళ్ళు ఎత్తి, అంత తెలుపు చూసుకుని, అప్పుడు "ఊఁ, పద" అనేవారు. ఒక్కోరోజు ఇద్దరం అలిసిపోయి ఒక్క పేజీ దగ్గరే ఆగేవాళ్ళం. నేను ఊరికే కూర్చున్నా సహించగలిగిన మనిషి ఆయనొక్కరే.

ఈ వేసవి చివర ఆఖరి పుస్తకం వచ్చింది. అప్పటికి ఆయనకి గుండె బలహీనపడి, నడక మంచానికీ గరాజ్ కుర్చీకీ మధ్యే మిగిలింది. రోజుకి కొంచెం చెప్పుకుంటూ వెళ్ళాం. చివరి అధ్యాయం ముందు, పిల్ల మంచు కురిసిన మైదానం అంచున నిలబడి ఉంటుంది. పేజీ తిప్పబోతే మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు.

"ఆగు. ఇది అమ్మాయి చెప్పాలి. అది కదా బయటికి తోసింది. అదే లోపలికి తీసుకురావాలి."

"దానికి సెలవులు రావడానికి చాలా రోజులుందండీ."

"నాకేం పనుందయ్యా ఇక్కడ" అని నవ్వారు.

ఆ సాయంత్రమే ఫోన్ చేసి చెప్పాను. "థాంక్స్‌గివింగ్‌కి వస్తా కదా నాన్నా, తాతని చీట్ చెయ్యద్దని చెప్పు. ముందే నీతో చదివించుకుంటారు" అంది. ఆయన చదివించుకోలేదు. నేనూ తిప్పి చూడలేదు. మా కూరగాయల బల్ల మీద క్యాబేజీ ధర రాసే చీటీ ఒకటి గుర్తుగా పెట్టి పుస్తకం ఆయన బల్ల మీదే ఉంచాను.

మా అమ్మాయి గురువారం కారులో వచ్చింది. ఫ్యునరల్ హోమ్‌లో ఆయన్ని చూసింది. ఆయనకి సూటు తొడిగారు. "తాత సూట్ వేసుకోరు కదా" అంది. దహనం అయ్యాక అందరం వాళ్ళింట్లో కూర్చున్నాం. సాంబారూ అన్నం ఎవరో తెచ్చారు. నేను ఏమీ ఆలోచించకుండా ఉండాలని ప్లేట్లు లెక్కపెడుతూ ఉన్నాను. మాస్టారి కూతురు నా దగ్గరికి వచ్చి, "అన్నయ్యా, అమ్మాయి గరాజ్‌లో ఉంది. చూడండి" అంది.

తలుపు పైకి ఎత్తి ఉంది. ఆయన కుర్చీకి ఎదురుగా మా అమ్మాయి ఎప్పుడూ కూర్చునే కుర్చీలో కూర్చుంది. ఒళ్ళో పుస్తకం, క్యాబేజీ చీటీ దగ్గర తెరిచి ఉంది.

"చెప్పనా నాన్నా? సిల్లీగా ఉంటుందా?"

"చెప్పమ్మా" అన్నాను. నేను గిన్నె పక్కన, నేల మీద కూర్చున్నాను.

చీటీ తీసి బల్ల మీద పెట్టింది. తర్వాత చెప్పింది. మంచు ఎలా పడుతోందో, పిల్ల చేతులు ఎక్కడ దాచుకుందో, చిన్నవాళ్ళు పొదల్లోంచి ఒక్కొక్కరే లేచి నిలబడటం, బేరం తీరిపోయిందని ముసలి మంత్రగాడు టోపీ తియ్యడం. ఒక్క బుడగ కూడా చదవలేదు. బొమ్మలే చెప్పింది. చెప్పేటప్పుడు ఎదురుగా కుర్చీకేసి చూసి, "కనిపించిందా తాతా" అన్నట్టు ఆగేది. ఆయన ఉంటే అడిగే ప్రశ్నలు తనే అడుక్కుని తనే చూసి చెప్పేది. మాస్టారి అల్లుడు ఏదో వెతుక్కుంటూ గుమ్మందాకా వచ్చి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళిపోయాడు.

"తలుపు ఉంది తాతా. చిన్నది, ఓరగా తీసి ఉంది. మంచులో అడుగులు తలుపుదాకా ఉన్నాయి. తిరిగి రాలేదు. పిల్ల లేదు. లోపలికి వెళ్ళింది."

పేజీ తిప్పింది. అదే ఆఖరిది. తర్వాత నా వైపు చూసింది.

"నాన్నా, ఇందులో ఏమీ లేదు. జస్ట్ వైట్."

నేను మాట్లాడబోయాను, అవసరం లేకపోయింది. అది అప్పటికే అరచెయ్యి విప్పి, వేళ్ళు బాగా చాపి, ఆ తెల్లకాగితం మీద ఆనించింది.

"నా చెయ్యి మొత్తం పట్టింది తాతా" అంది. "ఇంకా మిగిలింది."