పెండ్లి చీరలో పొగ

షావుకారు కేశవ చీర మడత విప్పలేదు. రెండు చేతులతో ఎత్తి ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఊరగాయ జాడీ మూత తీసి చెడిందో లేదో చూస్తారే, అట్లా. ఒకసారి చాలక మళ్లీ చూశాడు. తర్వాత దాన్ని ఈశ్వరప్ప ముందుకు తోసేశాడు.

"పొగ వాసన" అన్నాడు.

ఈశ్వరప్పకు వెంటనే తలకెక్కలేదు. మీసాలు రాకముందే ధర్మవరంలో గుంత మగ్గంలో కాళ్లు పెట్టినవాడు, ఇప్పుడు మీసాలు నెరిశాయి. ఇన్నేళ్లలో షావుకార్లు ఆయన చీరలకు పెట్టని వంక లేదు. అంచు వంకరపోయిందన్నారు, జరీ గుచ్చుకుంటోందన్నారు. వాసన అని మాత్రం ఎవడూ అనలేదు.

"ఏం పొగన్నా? మా ఇంట్లో కట్టెల పొయ్యి కూడా లేదు."

"సిగరెట్టుప్పా."

"సిగరెట్టా! నేను బీడీ కూడా ముట్టనని నీకు తెల్దా?"

కేశవ ఫోను తీసి, దేనికోసమో వెతికి, బల్ల మీద పెట్టాడు. "అట్లయితే వీడెవడు? నీ తమ్ముడా?"

ఫోన్లో నల్ల చొక్కా వేసుకున్న ఈశ్వరప్ప జీపుకు ఆనుకొని నిలబడి ఉన్నాడు. "రేపు పొద్దున్నుంచి నీ మగ్గం నాది" అని ఎవరినో బెదిరించి, సిగరెట్టు పీల్చి, ముక్కుల్లోంచి పొగ వదిలాడు. పొగ తాగితే ఆరోగ్యం పాడవుతుందని కింద మూల సన్న అక్షరాలు పడ్డాయి.

"అది యాక్టింగన్నా. మా సురేంద్ర తీసిన షార్ట్‌ఫిల్ము. అందులో నేను నాగరాజు."

"యాక్టింగే, కాదన్నదెవరు? పొగ కూడా యాక్టింగేనా?" కేశవ రెండు వేళ్లతో బొమ్మను పెద్దది చేశాడు. "చూడు, నీ ముక్కులోంచే వస్తాండాది."

ఈశ్వరప్ప చూశాడు. నిజమే. బెదిరింపు అబద్ధం, జీపు అద్దెది, మీసం మీది నలుపు కాటుక. ఆ పొగ మాత్రం అచ్చంగా తన ముక్కులోంచే వస్తోంది.

కేశవ జేబులోంచి నశ్యం డబ్బీ తీసి చిటికెడు పీల్చాడు. "చూడప్పా, ముహూర్తం చీర నేసేవాడు తాగుడు, పొగ ముట్టగూడదని మా నాయన పెట్టిన కట్టు. ఆ మాట చెప్పే నేను అమ్ముతా. ఇంకమీద మామూలు చీరలు నెయ్యి, ఇస్తా. ముహూర్తం చీరల వార్పు, ఆ పట్టు పడుగు మాత్రం నీ మగ్గానికి ఎక్కదు. ఈ చీర కూడా తీసుకపో."

మామూలు చీర నేసినా పూట గడుస్తుంది. బాధ అది కాదు. వీధిలో ఆయన్ని ముహూర్తం ఈశ్వరప్ప అంటారు. కొరియరు పిల్లోడు దారి అడిగినా 'ముహూర్తం మగ్గమోళ్ల ఇల్లా' అనే చూపిస్తారు. బతుకంతా కష్టపడి సంపాదించుకున్నది ఆ ఒక్క పేరు. దాన్ని ఒక్క సిగరెట్టు కాల్చేసింది.

సురేంద్ర ఈశ్వరప్ప అక్క కొడుకు. అనంతపురంలో ఇంజనీరింగు మూడో ఏడాది మానేసి వచ్చాడు. ఈ గొడవకు ముందు ఒకరోజు పొద్దున్నే వచ్చి మగ్గం గట్టు మీద కూర్చొని, "మామా, నా సినిమాలో నువ్వే విలన్" అన్నాడు. ఈశ్వరప్ప భార్య హేమావతికి నవ్వు ఆగలేదు. "మీ మామను చూసి కోడిపిల్ల కూడా బెదరదు కదరా!"

"బెదురుతాదత్తా. సిగరెట్టు చేతిలో పెడితే బెదురుతాది."

"విలనయితే తాగల్లనా?" ఈశ్వరప్ప అడిగాడు.

"మామా, నాది పదైదు నిమిషాల సినిమా. వీడు చెడ్డోడని చెప్తా కూచునేదానికి టైం యాడుండాది? సిగరెట్టు ముట్టిస్తే జనానికి అర్థమైపోతాది. మరమగ్గాలు తెచ్చి చేనేతోళ్ల పొట్ట కొట్టేవాడు నాగరాజు. వాడు తాగల్ల."

"మరి మంచోడు?"

"కలీముల్లన్న. నేతగాడి వేషం. ఆయప్పకు బీడీ ఇస్తా. బీడీ తాగితే పేదోడు, కష్టజీవి. చుట్టయితే ఊరి పెద్ద. సిగరెట్టు సగంలో ఇసిరేస్తే మారినోడు."

హేమావతి వడిపెట్టే రాట్నం ఆపింది. "మా అవ్వ భద్రమ్మ సచ్చేదాకా బీడీ తాగింది. ఆమె ఏమవుతాది నీ సినిమాలో?"

సురేంద్ర తల గోక్కున్నాడు. "ఆడోళ్లు తాగితే... అది వేరే సినిమా అత్తా."

"వేరే సినిమా లేదు, నీ బొంద లేదు. ఆమె సాకకుంటే నేను లేను, మీ మామకు పెండ్లాం లేదు."

అప్పుడు ముగ్గురూ నవ్వుకున్నారు. కానీ సురేంద్ర మాట ఈశ్వరప్ప మనసులో ముల్లులా ఉండిపోయింది. ఆయన నాయన కూడా బీడీలు తాగేవాడు. మగ్గం దగ్గర కాదు. వీధి చివర మోరీ దాకా పోయి తాగి, పెరట్లో నిమ్మాకులు నలిపి చేతులకు రుద్దుకొని, నోరు పుక్కిలించి అప్పుడు గుంతలో దిగేవాడు. "పట్టుకు మనిషి కంటే గ్యాపకం ఎక్కువరా, ఒకసారి పట్టుకున్న వాసన ఇడవదు" అనేవాడు. అబద్ధమాడి ఎరగడు, ఒకరి మీద చెయ్యెత్తి ఎరగడు. చివరికి ఊపిరితిత్తులు చెడి కన్నుమూశాడు. అది చూసే ఈశ్వరప్ప పొగ ముట్టలేదు. సురేంద్ర లెక్క ప్రకారం నాయన మంచోడే, ఎందుకంటే బీడీ. అదే నాయన సిగరెట్టు తాగి ఉంటే? ఇదేం లెక్కో ఆయనకు ఎక్కలేదు.

షూటింగు చిత్రావతి ఏటి ఇసుకలో జరిగింది. మంచి నేతగాడి వేషం వేసిన కలీముల్లా ఆటో తోలుతాడు, సిగరెట్ల మీద సిగరెట్లు ఊదుతాడు. సురేంద్ర "రెడీ" అనగానే చేతిలో సిగరెట్టు నలిపేసి, చెవి మీది బీడీ తీసి, మొహం దీనంగా పెట్టేవాడు. "చూడన్నా, ఒక్క నిమిషంలో మంచోన్నయిపోయినా" అని కన్నుకొట్టేవాడు.

మొదటి దమ్ముకు ఈశ్వరప్పకు పేగులు నోట్లోకొచ్చేంత దగ్గు వచ్చింది. తర్వాత తర్వాత రాలేదు. గుంత మగ్గంలో కూర్చున్న మనిషి లోకానికి నడుము పైనే కనిపిస్తాడు. ఆ రోజు నిండుగా నిలబడ్డాడు. బొటనవేలితో బూడిద రాల్చి, కలీముల్లా కాలర్ పట్టుకుంటే, గొర్రెలు తోలుకొచ్చిన ముసలాయన నిజంగానే బెదిరి దూరంగా నిలబడిపోయాడు. ఈశ్వరప్పకు ఒళ్లంతా ఏదో ఆనందం పాకింది. ఆ సంగతి హేమావతికి చెప్పలేదు. తనకు తాను కూడా చెప్పుకోలేదు.

ఒక షాట్ మిగిలి ఉండగానే పొద్దు వాలింది. సురేంద్ర ఆర్పిన సగం సిగరెట్టును ఆయన జేబులో పెట్టాడు. "మామా, ఇదే చొక్కా, ఇదే సిగరెట్టు మళ్లీ కావల్ల. ముందు షాట్లో ఎట్లుండాదో తర్వాత షాట్లో అట్లే కనిపించల్ల. ఉతకొద్దు, పారెయ్యొద్దు." ఈశ్వరప్ప తెచ్చి చొక్కాను గోడ మేకుకు తగిలించాడు. ఆ తర్వాత కలీముల్లా ఆటో షెడ్డుకు పోయింది, షూటింగు వెనక్కి పడింది. ఈలోపు సురేంద్ర చేతులు ఊరుకోక ఉన్నదాంట్లోంచి ఒక ముక్క కత్తిరించి ఫోన్లలోకి వదిలాడు. కేశవ చూపించింది ఆ ముక్కే.

ఇంటికొచ్చి చీర హేమావతి చేతిలో పెట్టాడు. "వాసన చూడు."

చూసింది. "పట్టు వాసన."

"ఇంకేం?"

"గంజి. ఇంకేమొస్తాది?"

ఆటో బాగుపడిందని చెప్పడానికి అప్పుడే కలీముల్లా వచ్చాడు. ఆయన ముక్కుకూ పెట్టారు. "నాకేం రాలేదన్నా" అన్నాడు.

"నీకెట్లొస్తాది, నువ్వే పొగ గొట్టానివి!" హేమావతి కసిరింది.

ఈశ్వరప్ప తానే చూశాడు. ఒకసారి వచ్చినట్టుంది. మళ్లీ చూస్తే లేదు. కండ్లు మూసుకొని కేశవ మొహం తలచుకుంటే వచ్చింది. నాయనను తలచుకుంటే నిమ్మాకు వాసన వచ్చింది. పిచ్చి పడుతోందేమో అనుకున్నాడు.

అంతలో హేమావతి చూపు గోడ మీదికి పోయింది. వాళ్ల ఇంట్లో మగ్గానికీ మనుషులకూ ఉన్నది ఒకటే గది. నల్ల చొక్కా వేలాడుతున్నది సరిగ్గా మగ్గానికి పైన. ఆ చీర నేసినన్నాళ్లూ దాని మీదే వేలాడింది. ఆమె చొక్కా దించి ముక్కు దగ్గర పెట్టుకొని, "థూ" అని తల వెనక్కి లాక్కుంది.

"అయితే కేశవన్న ముక్కు సరైందే" అన్నాడు ఈశ్వరప్ప. అంటూనే ఇంకో అనుమానం. ముందు వాసన చూసి ఫోను చూపించాడా, ముందే ఫోను చూసి వాసన పట్టాడా? రోజుకు పదిసార్లు నశ్యం ఎక్కించే ముక్కు అది.

"సాంబ్రాణి పట్టిస్తాం చీరకు" అంది హేమావతి.

"పొగ పోవాలని పొగ పట్టిస్తామా?"

"అది దేవుని పొగ. వేరే."

ఎట్లా వేరో ఆయనకు అంతుపట్టలేదు. వద్దన్నాడు. చీరను తెచ్చిన మడతతోనే పెట్టెలో పెట్టాడు. హేమావతికి కోపం చొక్కా మీద తీరింది. సబ్బునీళ్ల బకెట్లో ముంచి బండకేసి బాదింది. జేబులోని సగం సిగరెట్టు పేలికలై మోరీలో కొట్టుకుపోయింది.

మర్నాడు ఈశ్వరప్ప కేశవ దగ్గరికి పోయి మేకు, చొక్కా, సగం సిగరెట్టు, అన్నీ దాచకుండా చెప్పాడు.

కేశవ విన్నాడు. "సరే, నువ్వు తాగేవాడివి కాదు. నమ్మినా. కానీ నా గిరాకీకి నువ్వు తెల్దప్పా. వాళ్లకు తెలిసింది నాగరాజే. నిన్న ఒకామె, 'ఈ సిగరెట్టాయనేనా మీ ముహూర్తం చీరలు నేసేది' అనింది. నేనేం చెప్పల్ల?" నశ్యం డబ్బీ మూత తట్టి, "వాడు చివర్లో మారతాడా?" అని అడిగాడు.

"ఎవరు?"

"ఆ నాగరాజు."

"తెల్దన్నా. ఇంకో షాట్ ఉండాది."

"మారమను. సిగరెట్టు ఇసిరేసి చెప్పుతో తొక్కమను. అది ఫోన్లలో రానీ, జనం నోరు మూస్తారు. అప్పుడు రా, వార్పు ఇస్తా."

ఈ మాట చెప్తే సురేంద్ర ఎగిరిపడ్డాడు. "నాగరాజు మారేదేంది మామా? మారితే నా కథ యాడుండాది? చివరి షాట్లో వాడు నవ్వుతా పొగ వదలల్ల."

"నా ముహూర్తం మగ్గం పోతాదిరా."

"షావుకారికి భయపడి సినిమా మార్చల్లనా?"

"నేను భయపడతాండేది షావుకారికి కాదు. రేపు వీధిలో నన్నెవరైనా సిగరెట్టీశ్వరప్ప అంటే నేను పలకల్ల కదా."

సురేంద్ర మామ మొహం చూశాడు. కాలి కింది రాయిని తన్నాడు. "సరే, తొక్కు. దాంతోపాటు నా సినిమాను కూడా తొక్కు."

మళ్లీ చిత్రావతి ఇసుక. ఉతికిన చొక్కా కాస్త వెలిసింది, అది దూరం నుంచి తెలియదన్నాడు సురేంద్ర. సిగరెట్టు సంగతి మాత్రం కుదరదు. ముందు షాట్లో సగం కాలి ఉంది కాబట్టి కొత్తది సగం కాలాలి.

"ఇటియ్యన్నా, నేను సగం చేసిస్తా. నీకెందుకు పాపం" అని కలీముల్లా చెయ్యి చాపాడు.

ఇచ్చేస్తే అయిపోయేది. ఈశ్వరప్ప ఇవ్వలేదు. ఎందుకు ఇవ్వలేదో అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. అగ్గిపుల్ల గీసి ముట్టించుకొని ఇసుకలో అట్లా నడుచుకుంటూ పోయాడు. కెమెరా ఆయన వైపు లేదు. ఎవరూ చూడడంలేదు. నాగరాజు తాగాల్సిన పని లేదు. మరి తాగుతున్నదెవరు? దగ్గు రాలేదు. ఎండిన ఏటి మీద గాలి పొగను నోటి దగ్గరే తుంచేస్తోంది. నాయన మోరీ దగ్గర ఒంటరిగా నిలబడే తీరు జ్ఞాపకం వచ్చింది. తానూ అట్లాగే, ఒక కాలు ముందుకు వేసి నిలబడి ఉన్నాడు.

"మామా! సగమే, సగమే!" సురేంద్ర వెనక నుంచి అరిచాడు.

కెమెరా ముందుకొచ్చి సిగరెట్టు విసిరి, చెప్పుతో నలిపి, కలీముల్లా భుజం మీద చెయ్యి వేశాడు. "కట్" అన్నాడు సురేంద్ర. "మంచోడివైనావు పో మామా" అన్నాడు విసుగ్గా.

సినిమా ఫోన్లలోకి వచ్చింది. సురేంద్ర సణుగుతూనే ఉన్నా జనానికి చివరి షాటే నచ్చింది. కూరగాయలమ్మే ఆమె కూడా, "మానేసినావంట కదన్నా, మంచి పని చేసినావు" అంది. ఎన్నడూ పట్టని అలవాటును మానేసినందుకు ఏమని జవాబు చెప్పాలి? ఈశ్వరప్ప తలూపాడు.

పెట్టెలోని చీర తీసుకొని కేశవ దగ్గరికి పోయాడు. ఎండకు వెయ్యలేదు, గాలికి వెయ్యలేదు, అదే మడత. కేశవ నశ్యం పీల్చి, ముక్కు తుడుచుకొని, చీరను ఎత్తి చూశాడు.

"పోయింది" అన్నాడు కేశవ. "చూసినావా, ఎంత తేడానో!" లోపలికి పోయి ముహూర్తం చీరల వార్పు తెచ్చి చేతుల్లో పెట్టాడు.

ఈశ్వరప్ప ఇంటికొచ్చి వార్పును దింపి, మగ్గం గుంత గట్టు మీద కూర్చున్నాడు. పేరు తిరిగొచ్చింది. కాళ్లు మాత్రం గుంతలోకి దిగలేదు. పొగ తాగనన్ని రోజులూ తాగేవాడినన్నారు. ఊరికే, ఎవరూ చెప్పకుండా తాగి వచ్చాక మంచివాడినంటున్నారు. ఇది కేశవకు చెప్పాల్నా? చెప్తే ఏమని చెప్పాల? తాగిందెవరని అడిగితే?

కుడిచేతి వేళ్లు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. అప్పటికి ఎన్నిసార్లు స్నానం చేశాడో!

"ఏమే, రెండు నిమ్మాకులు తుంచుకరా."

హేమావతి వింతగా చూసింది. పెరట్లోకి పోయి తెచ్చింది. ఆయన ఆకులు నలిపి, వేలు వేలుకూ రుద్దుకొని, చేతులు ఆమె ముందుకు చాపాడు.

"ఏం వాసనొస్తాండాది?"

"నిమ్మాకు."

"ఇంకేం?"

ఆమె ఇంకోసారి చూసింది. మొగుని మొహం కూడా చూసింది.

"ఇంకేం రావల్నో నువ్వు చెప్పు" అంది. "అదే వస్తాది."