బిల్లు మీద దేశం పేరు

మాది ప్రొద్దుటూరులో బట్టల అంగళ్ల వీధి. గిరాకీ మెట్లెక్కగానే ఏ ఊరో కనుక్కో, ఆ ఊరిని పొగుడు, తర్వాతే రేటు చెప్పు. ఇదీ మా ఇంటి చదువు. జమ్మలమడుగు వాళ్లొస్తే మా నాయన "మీ ఊరోళ్లకు బట్ట చూపీయాలంటేనే భయం, వేలు పెడితే నూలు చెప్తారు" అనేవాడు. మైదుకూరు వాళ్లొచ్చినా అదే మాట. ఆ ఒక్క విద్యతోనే నేను బర్ దుబాయ్‌లో ఒక సేటు దగ్గర సేల్స్‌మన్‌గా చేరాను. అప్పుడు ఊరంతా మెట్రో కోసం తవ్వి పోసి ఉండేది, ఇక్కడ మన రాష్ట్రం ఇంకా రెండు కాలేదు.

ఒక ఉదయం ఒక ఆఫ్రికా వర్తకురాలు వచ్చింది. పల్చటి వాయిలు తానులు ఒక్కొక్కటే వెలుగులో పట్టి చూసి, రెండు గంటల్లో ఇరవై ఏరి పక్కన పెట్టించింది. మధ్యాహ్నం క్రీక్ రేవు నుంచి బెర్బెరాకు కదిలే లాంచీకి సరుకు ఎక్కించాలట. నేను మొదటి రేటు చెప్పే ముందు మా ఇంటి పద్ధతి ప్రకారం బజారు హిందీలో ఏ దేశమని అడిగాను. అక్కడ ఆఫ్రికా ఆడవాళ్లను అమ్మా అన్నట్టు మామా అంటారు.

"మామా, ఏ ముల్క్?"

ఆమె ఏదో చెప్పింది. సగమే విన్నాను. "సోమాలియా వాళ్లకు బట్ట బాగా తెలుసు మామా" అని రేటు చెప్పాను.

ఆమె తాను మీద నుంచి చెయ్యి తీసేసింది. "కాదు."

మా వీధిలో కాదు అనే మాటకు ఒకటే అర్థం. కొంచెం తగ్గించాను.

"కాదంటున్నాను."

మళ్లీ తగ్గించాను. ఈసారి ఆమె గొంతు పెంచింది. గట్టి బేరగత్తె అని మనసులో మెచ్చుకుని మూడోసారి తగ్గించాను.

నాతో కౌంటర్‌లో పనిచేసే కరీంనగర్ ఆయన ఇక ఉండలేక కలగజేసుకున్నాడు. "అన్నా, ఆగు. ఆమె అనేది రేటు గురించి కాదు, దేశం గురించి."

"ఎంతంటాంది?"

"ఎంత అని కాదన్నా, ఏ దేశం అని. నన్ను ఆంధ్రోడంటే నాకెట్ల మండుతది? ఆమెకు గట్లనే మండుతున్నది."

తనది సోమాలియా కాదట, సోమాలీలాండ్. వేరుపడి చాలా ఏళ్లయిందట. జెండా వేరు, డబ్బు వేరు. సంచీలోంచి రెండు పాస్‌పోర్టులు తీసి చూపించింది. "ఇది నాది, దీని మీద ఎవరూ ముద్ర కొట్టరు. ఇది నాది కాదు, దీని మీద అందరూ కొడతారు." బిల్లు మీద మాత్రం తన దేశం పేరే ఉండాలంది.

చిక్కంతా అక్కడే. వెనకటికి దేశం పేరు తప్పుపడి ఏదో బిల్లు తిరిగొచ్చిందని సేటు గోడకు దేశాల జాబితా ఒకటి అంటించాడు. అందులో లేని పేరు రాయకూడదు. పైనుంచి కిందికి రెండుసార్లు చూశాను. ఆ పేరు లేదు. వెంటనే మధ్యేమార్గం తీశాను. "దేశం వద్దు మామా, రేవు పేరు రాస్తా. బెర్బెరా అంటే చాలదూ?"

"రేవుకు పౌరులుంటారా?" అందామె. తర్వాత నెమ్మదిగా చెప్పింది. "మా ఊరి మీద బాంబులు వేసినవి ఆ సోమాలియా విమానాలే. ఆ పేరు నా సరుకు మీద ఎక్కించుకోను."

రెండు గంటలు ఏరిన తానులను అక్కడే వదిలి లేచింది.

"రాయన్నా. సేటు అడిగితే నా పేరు చెప్పు" అన్నాడు కరీంనగర్ ఆయన.

"చెప్తా" అన్నాను, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా.

పెన్ను తీయడం చూసి ఆమె వెనక్కి వచ్చింది. "పేరు రాయి. నువ్వు మొదట చెప్పిన రేటే ఇస్తాను." మొదటి రేటు ఇచ్చిన మనిషిని నేను పుట్టాక చూడలేదు. అది ఎవరైనా ఇస్తారని చెప్పే రేటు కాదు. ఆ రేటుకు చంద్రమండలం పేరైనా రాసేవాణ్ణి. సోమాలీ లాండ్ అని రెండు మాటలుగా విడదీసి రాస్తే ఒప్పుకోలేదు, కలిపి రాయించింది.

"సూడన్నా, ఆమె కలపమంటది, మేం ఇడగొట్టమంటం. నీ పెన్నుకు రెండూ రావాలె" అని నవ్వాడాయన.

లాంచీ గుమాస్తా రేవు పేరొక్కటే చదివి "యల్లా, ఎక్కించండి" అన్నాడట. ఇక మిగిలింది సేటు. సాయంత్రం బిల్లు చూశాడు. ముందు రేటు చూశాడు, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. ఆ తర్వాతే దేశం మీద వేలు పెట్టాడు.

"ఇదెక్కడుంది?"

"ఇథియోపియా పక్కన, సముద్రం ఒడ్డున సేఠ్‌జీ. చాలా మంచి దేశం" అన్నాను, పొద్దున్నే అక్కడినుంచి వచ్చినవాడిలా.

"ఆమె మళ్లీ వస్తుందా?"

"పేరు సరిగ్గా రాస్తే వస్తుంది."

సేటు లేచి వెళ్లి జాబితా అడుగున ఆ పేరు తన చేత్తో రాశాడు. అప్పటికి ఏ ప్రభుత్వమూ చేయని పని మా సేటు నిలబడి చేశాడు.

ఆయన అటు వెళ్లగానే కరీంనగర్ ఆయన గోడ దగ్గరకు పోయి చూశాడు. "అన్నా, కింద ఇంకొక్క వరస జాగ ఉన్నది."

"మీరడిగేది రాష్ట్రం గదప్పా, దేశం కాదు."

"కాకుంటే ఏందన్నా. జాగైతే పట్టి పెట్టు."