గోడ వయసు చెప్పిన మేధావి

తెలివితక్కువతనానికి ఊళ్ళో ఎవరైనా సన్మానం పెట్టుకుంటే శాలువా కప్పాల్సింది నాకే. అబద్ధమాడి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్ళు చాలామందే ఉంటారు. చేతికి అందబోతున్న ఉద్యోగాన్ని ఒక గోడ ముందు నిలబడి, తెలియకపోయినా ఉపన్యాసం ఇచ్చి, ఊడగొట్టుకున్నవాణ్ణి మాత్రం నేనొక్కణ్ణే. మీరు నవ్వుకోండి, నేను అడ్డు రాను.

అప్పుడు అమీర్‌పేటలో హాస్టల్లో ఉంటూ సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ నేర్చుకుంటున్నాను. మాది భీమవరం. ఇంట్లో మూడు నెలల గడువిచ్చారు. ఆలోగా ఉద్యోగం రాకపోతే మా మామయ్య ఎరువుల కొట్లో కూర్చోవాలి. ఆ కొట్టు వాసనకి నేను వీధి మొదట్లోనే ముక్కు మూసుకునేవాణ్ణి.

మా హాస్టల్లో రెజ్యూమే ఎవరూ రాసుకోరు. ముందువాడి దగ్గర తీసుకుని పేరూ ఫోన్ నంబరూ మార్చుకుంటారు. నాకు ఇచ్చినవాడు నా రూమ్మేటు శ్రీశైలం. అందులో హాబీల దగ్గర ‘కొండల్లో నడక, చారిత్రక పట్టణాల సందర్శన’ అని ఉంది. నా అసలు హాబీ మధ్యాహ్నం నిద్ర. అయినా ఆ లైను హుందాగా కనిపించింది, ఉంచేశాను.

పంజాగుట్టలో ఇంటర్వ్యూ. మేనేజర్ యాదగిరి గారు అడిగిన సబ్జెక్టు ప్రశ్నలకి బాగానే చెప్పాను. అక్కడితో నోరు మూసుకుని లేచొస్తే సరిపోయేది. ఆయన కాగితం చివరిదాకా వచ్చి ఆగారు.

“కొండలెక్కుతవా? ఎటు దిక్కు పోయినవ్?”

దగ్గర్లో నాకు పేరు తెలిసిన కొండ ఒక్కటే. “అనంతగిరి అండి. నెలకోసారి వెళ్తాను.”

“గా వికారాబాద్ దిక్కు పాత ఊర్లు సుత చూసినవా?”

“చూడ్డం ఏంటండి, అక్కడ ఏ గోడ చూపించినా దాని వయసు చెప్పేస్తాను.”

ఆ క్షణంలో నన్ను కాలితో తన్నేవాడు పక్కన ఒక్కడూ లేకపోయాడు.

“మంచిగైంది. శనివారం మా టీమంతా గాడికే పోతున్నం. నువ్వు సుత రా, అన్నీ చూపియ్యి. మావోళ్లతోని ఎట్ల కలుస్తవో నేను చూస్త. గా తర్వాత ఆఫర్ లెటర్ సంగతి మాట్లాడుదం.”

హాస్టల్‌కి పరుగెత్తుకెళ్ళి శ్రీశైలాన్ని నిద్రలేపాను. “ఆ కొండల గురించి అంతా చెప్పు. నీ హాబీయే కదా.”

“నాకేమెరుక భాయ్? నేనెన్నడు పోలే. గది నాకు సుత సీనియర్ ఇచ్చిందే.”

“మరి ఆయన వెళ్ళాడా?”

“ఆయన మన రెండో అంతస్తు ఎక్కనీకే ఆయాసపడుతుండె. ఫికర్ చేయకు. కొత్త కోర్సు అనుకో, బట్టీ కొట్టు.”

కొట్టాను. మూసీ అక్కడ పుట్టిందనీ, నవాబులు వేటకి వచ్చేవారనీ రెండు రోజులు ఫోన్లో చూసి నమిలి మింగాను.

శనివారం వ్యాన్లో ముందు సీటు నాదే. వికారాబాద్‌లోకి రాగానే నాకు పూనకం వచ్చింది. పెంకుటిల్లు కనిపిస్తే నవాబు గారి విడిది అన్నాను. నీళ్ళ ట్యాంకు కనిపిస్తే కాపలా బురుజన్నాను. టీములోని ఆరుగురూ ఫోటోలు తీసుకున్నారు. యాదగిరి గారు మాత్రం ప్రతిదానికీ “అట్లనా” అనేవారు. అందులో నాకు మెచ్చుకోలు వినిపించింది. ఆ చెవులు మెలిపెట్టాలి.

అడవిలో బాట చీలిన చోట, “ఇది నాకు అలవాటైన దారండి” అంటూ అందర్నీ ఎడమకి తిప్పాను. గంటసేపు ముళ్ళ పొదల్లో నడిపించాను. ఒకమ్మాయి చెప్పు తెగింది, ఒకాయన చొక్కా చిరిగింది. చివరికి కొండ దిగి ఒక ఊరి శివార్లో సీతాఫలం తోట దగ్గర తేలాం. చుట్టూ రాతి గోడ. యాదగిరి గారు దాని మీద చెయ్యేసి నిలబడ్డారు.

“గీ గోడ సంగతేంది?”

“కోట గోడండి. నాలుగు వందల ఏళ్ళ నాటిది. శత్రువులు ఇటువైపు నుంచే వచ్చేవారు.”

“అట్లనా. ఎవరు కట్టిన్రు?”

“పేరు చరిత్రకి అందలేదండి. మహావీరుడు.”

గోడ అవతల నుంచి తలపాగాతో ఒక పెద్దాయన లేచాడు. “యాదగిరీ, ఎప్పుడొచ్చినవ్‌రా? శత్రువులెవరు? నేను అడివి పందులొస్తున్నయని కట్టిన.”

యాదగిరి గారు నవ్వలేదు. “మా నాయిన. గీ తోట మాదే. గోడ కట్టిన వీరుడు గీయనే. నేను తొమ్మిదో తరగతిల ఉన్నప్పుడు కట్టిండు, రాళ్లు నేనే మోసిన.”

టీము గడ్డిలో కూలబడి నవ్వింది. సిగ్గుతో నా ఒళ్ళంతా కాలిపోయింది. అయినా ఆశ చావలేదు. “సార్, మరి ఉద్యోగం?”

“జర గిటు చూడు. రాళ్ల నడుమ ఏమున్నది?”

“సిమెంటండి.”

“నువ్వు అబద్ధమాడినవని కాదు. హాస్టల్ రెజ్యూమేలు ఎట్లుంటయో నాకెరికే. టెస్టింగంటే చూసి చెప్పుడు తమ్ముడు. కండ్ల ముందటి సిమెంటే కనబడకపాయె, సాఫ్ట్‌వేర్ల తప్పులు నీకేం కనబడ్తయ్?”

పెద్దాయన జాలిపడి నా చేతిలో రెండు సీతాఫలాలు పెట్టాడు. నాకు దక్కిన ఆఫర్ అదే. నెల తిరక్కుండా ఎరువుల కొట్లో బస్తాలు లెక్కపెడుతూ కూర్చున్నాను.

కాబట్టి పాఠక మహాశయులారా, మీ సమక్షంలో ప్రమాణం చేస్తున్నాను. ఒంట్లో ఊపిరుండగా ఏ గోడకీ వయసు చెప్పను. సాక్షాత్తూ చార్మినార్ ముందు నిలబెట్టి అడిగినా సరే, ముందు గోరుతో గీకి చూసి, ఆ తర్వాత కూడా తెలియదనే అంటాను.