రాట్నాలు బయటపెట్టించిన రోజు

మా రెండో తరగతి అయివారు పోయిన మంగళవారం పెనుకొండలో చనిపోయారు. హిందూపురంలో ఉన్న నాకు ఆ సంగతి నాయన రాసిన కార్డులో తెలిసింది. కార్డంతా పట్టు ధరల గురించి, చివరి రెండు వాక్యాలు అయివారి గురించి.

ఆదివారం ధర్మవరంలో, మేము చదువుకున్న బడిలోనే సంతాపసభ పెట్టారు. వెళ్లి చివరి బెంచీ మీద కూర్చున్నాను. నలుగురు మాట్లాడారు. ఒకాయన అయివారిని దీపమన్నాడు. ఇంకొకాయన సముద్రమన్నాడు. మూడో ఆయన అయివారి పేరే తప్పు పలికాడు. నాలుగో ఆయన, చీరల వ్యాపారి, క్రమశిక్షణకు ఆయన మారుపేరని చెప్పి గడియారం చూసుకుని కూర్చున్నాడు. ఫోటోకు దండ వేద్దామనుకున్నారట, ఎవరి దగ్గరా ఫోటో లేదు. అందుకని ఒక కుర్చీకి వేశారు. తరగతిలో ఆయన కుర్చీలో కూర్చోగా నేనెన్నడూ చూడలేదు. ఎప్పుడూ మా మధ్య నేల మీదే, చెవి వెనక బలపంతో, మా పలకలు తన పైపంచెతో తుడుస్తూ.

ఆయన చివరి పన్నెండేళ్లు పెనుకొండ పక్క పల్లెల్లో ఎందుకు పనిచేయవలసి వచ్చిందో నలుగురిలో ఒక్కరూ చెప్పలేదు. లేచి చెప్పే ధైర్యం నాకూ లేదు. అందుకే రాస్తున్నాను.

మా తరగతిలో సగానికి పైగా మగ్గాల ఇళ్ల పిల్లలు. ఆ ఇళ్లలో ఆడపిల్లకు ఆరేళ్లొస్తే కండెలు చుట్టాలి. రాట్నం తిప్పుతూ నేతదారాన్ని చిన్న గొట్టాలకు ఎక్కించే పని అది. బడికి పంపితే కండెలెవరు చుడతారని తండ్రులు అడిగేవాళ్లు. అయివారు ఇల్లిల్లూ తిరిగి, "పాపను పంపండప్పా, రాట్నంతో సహా పంపండి" అన్నారు. అట్లా తొమ్మిది రాట్నాలు మా తరగతి గోడ వారన చేరాయి. "చేతులకు పని ఉండాదని బుర్రను ఊరికే కూర్చోబెట్టాల్నా?" అనేవారు.

ఎక్కాలు ఆ రాట్నాల మీదే నేర్పారు. చక్రం ఒక చుట్టు తిరిగితే ఒక వరుస.

"అయివారూ, దారం తెగె. ఎక్కమూ తెగె" అని చౌడమ్మ అరిచేది. ఆ తొమ్మిది మందిలో చురుకైనది ఆమే.

"ముడెయ్. ఏడు అయిదుల కాడ్నుంచి అందుకో."

ఇక వాచకం. పట్నంలో కూర్చుని ఎవరో పెద్దలు రాసిన పుస్తకం. అందులో మంచి బాలుడు పొద్దున్నే లేచి పళ్లు తోముకుని, పాలు తాగి, తండ్రితో తోటలో షికారుకు వెళతాడు. మా చిత్రావతి ఏట్లో నీళ్లు కనపడితే పరుగెత్తి చూసే పిల్లలకు ఓడరేవు పాఠం. అది రాసినవాళ్లు మమ్మల్ని చూసి ఉండరు. చూసినా, మేము ఉండకూడని పిల్లలమని అనుకుని ఉంటారు.

ఆ ఏడు తనిఖీకి ఇన్స్పెక్టరు వచ్చాడు. ఇస్త్రీ బట్టలు, సెంటు వాసన. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇది బడా, కార్ఖానానా? బయట పెట్టించండి ఇవన్నీ."

తొమ్మిది రాట్నాలూ ఎండలోకి వెళ్లాయి. ఆయన చౌడమ్మను లేపాడు.

"మంచి బాలుడు లేవగానే ఏం చేస్తాడు?"

"కండెలు చుడతాడు సార్."

పిల్లలెవరూ నవ్వలేదు. మాకది సరైన జవాబే. హెడ్మాస్టరు మాత్రం నవ్వాడు. పైవాళ్ల ముందు ఎక్కడ నవ్వాలో ఆయనకు బాగా తెలుసు.

"ఏడో ఎక్కం చెప్పు."

"ఏడొక్కట్ల ఏడు. ఏడు రెళ్లు…" అక్కడ ఆగిపోయింది. చేతులు రెండూ వేలాడుతున్నాయి. మిగతా ఎనిమిది మందిని లేపినా అంతే.

"రాట్నం ముందర కూర్చోనీండి సార్, ఒక్క నిమిషం. అన్నీ వచ్చు వాళ్లకు" అన్నారు అయివారు.

"మగ్గం కూడా తెప్పించమంటారా?"

అప్పుడు చౌడమ్మ కుడిచెయ్యి దానంతటదే గాలిలో తిరగడం మొదలుపెట్టింది. ఏడు మూళ్లు వచ్చింది. ఏడు నాలుగులు వచ్చింది.

"వెక్కిరిస్తున్నావా? కూర్చో!"

తరవాత నన్ను లేపాడు. నేను పట్టు అంగడి వాళ్ల పిల్లను, నాకు రాట్నం లేదు. వాళ్ల చక్రాల చప్పుడు వింటూ నేర్చుకున్న ఎక్కాన్ని ఖాళీ చేతులతో గడగడా చెప్పేశాను. ఆయన నా తల నిమిరి, "ఇదీ చదువంటే" అన్నాడు. ఆ క్షణంలో నేను పొంగిపోయాను. అంత చవకగా నేను మళ్లీ ఎప్పుడూ పొంగలేదు.

బడిలోకి రాట్నాలు రాకూడదని ఆర్డరు వచ్చింది. రాట్నాలతో పాటు తొమ్మిది మంది పిల్లలూ ఆగిపోయారు. అయివారు రోజూ బడి వదిలాక వాళ్ల ఇళ్లకే వెళ్లి, మగ్గాల పక్కన కూర్చుని పాఠం చెప్పేవారు. ఏడాది తిరగకుండానే ఆయన్ని పెనుకొండ పక్కకు బదిలీ చేశారు. ఇన్స్పెక్టరు మెచ్చిన పిల్లనని నాయన నన్ను కాన్వెంటులో వేశాడు. అక్కడ ఫోర్కు ఏ చేత్తో పట్టుకోవాలో, మేమెన్నడూ చూడని మంచును ఇంగ్లీషులో ఎట్లా పొగడాలో నేర్పారు. నాకు ఫస్టు మార్కులు.

సభ అయ్యాక వీధిలో ఎవరో పిలిచారు.

"ఏమే కాన్వెంటూ! గుర్తు పట్టల్యా?"

చౌడమ్మ. చంకలో బిడ్డ.

"లోపలికి రాలేదేం?" అన్నాను.

"మమ్మల్నెవురు పిలిచిరి? ఈడ్నే నిలబడి మైకులో ఇంటాంటి. ఇంకెవురి గురించో చెప్తాండారనుకుంటి. రా, మా అమ్మోళ్ల ఇంటికి పోదాం."

ఇంట్లో మగ్గం పక్క గోడకు కొత్తగా సున్నం కొట్టారు, ఒక చోట తప్ప. అక్కడ పాత మసి గోడ మీద సుద్దతో ఎక్కాలు. రెండు నుంచి పదమూడు దాకా అయివారి గుండ్రటి అంకెలు. పద్నాలుగు నుంచి రాత మారింది. గీతలు వంకర, అంకెలు పెద్దవి.

"ఇవెవరు రాశారు?"

"ఇంకెవురొస్తారే రాసేకి? ఆయన్ని పంపించేస్తిరి కదా. నేనే, కూడుకుంటా కూడుకుంటా రాస్తి. సుద్ద చెరిగినప్పుడల్లా మళ్లీ దిద్దుకుంటా."

ఇరవయ్యో ఎక్కానికి గోడ సరిపోలేదు. చివరి వరుస, ఇరవై పదులు రెండు వందలు, నేసేవాళ్లు కాళ్లు పెట్టుకునే మగ్గం గుంటలోకి దిగి, లోపలి అంచు మీద తెల్లగా ఉంది.