సీతి ఆంటీ జాములో నా చెయ్యి

విదేశంలో, క్రాన్‌బర్న్ అనే ఊళ్ళో మా చెల్లెలి పక్కిల్లు సీతి ఆంటీది. ఆవిడ సొంతూరు ఇండోనేషియాలోని జావాలో. ప్రతి ఆదివారం జాము కాస్తుంది. జాము అంటే వాళ్ళు ఒంటికి మంచిదని ఇంట్లో కాచుకునే కషాయం. నేను చెల్లెలింట్లో ఉండగా, ఒకసారి చూద్దువుగాని రమ్మని పిలిచింది.

వెళ్ళి చూస్తే గట్టు మీద పచ్చిపసుపు, చింతపండు, తాటిబెల్లంలాంటి నల్లబెల్లం ఉన్నాయి. మాది పసుపుకి పేరున్న దుగ్గిరాల. పసుపు, పులుపు గురించి నాకొకరు చెప్పాలా అనుకున్నాను.

రుబ్బిన పసుపు ముద్ద నీళ్ళలో కలిసి పొయ్యి మీద మరుగుతోంది. ఆంటీ నానిన చింతపండును గరిటెతో మెదుపుతోంది. రసం దిగడం లేదు. ఇక చూడలేకపోయాను.

"ఇటివ్వండి ఆంటీ," అని గిన్నె తీసుకుని, చెయ్యి కడుక్కుని, పిసికి, పిప్పి గట్టిగా పిండేసి చిక్కటి రసం తీసిచ్చాను. పులిహోరకి తీసినట్టే.

ఆవిడ నా చేతినే చూస్తూ నిలబడిపోయింది.

"మా అమ్మ ఇలాగే తీసేది. నా కూతురు మాత్రం చెయ్యి పెట్టనివ్వదు. నాట్ హైజీనిక్ అంటుంది."

గరిటె సింకులో పడేసింది. మిగిలిన చింతపండులో తనే చెయ్యి పెట్టింది.

కాచి వడకట్టేసరికి కూతురు యూనివర్సిటీ నుంచి వచ్చింది. మా చేతులు చూసి, "మమ్, చెయ్యి పెట్టావా?" అంది.

"రెండు చేతులు పెట్టాం, నాదీ ఈవిడదీ. తాగు," అంది ఆంటీ.

ఆ పిల్ల మొహం చిట్లించుకునే తాగింది. తాగి, ఖాళీ గ్లాసు మళ్ళీ మా ముందుకు జరిపింది.